ఫ్యాను తిన్న కరెంటు

వీధిలో అందరూ ఆమెను టేపమ్మ అనేవాళ్ళు. కొలతల టేపు ఎప్పుడు చూసినా మెడలోనే ఉండేది. కూరగాయలకి వెళ్ళినా అంతే, డాక్టరు దగ్గరికి వెళ్ళినా అంతే. ఒకరోజు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆ టేపు మెడకి బిగుసుకుపోయి కేకపెట్టి లేచిందని వాళ్ళాయన కనబడ్డ ప్రతివాడికీ చెప్పి నవ్వేవాడు. స్కూలు యూనిఫారాలు కుట్టడం ఆమె పని. పిల్లని ఒక్కసారి ఎగాదిగా చూస్తే చాలు, గౌనుకి ఎంత గుడ్డ పడుతుందో, వచ్చే ఏడాదికి అంచు ఎంత వదలాలో చెప్పేసేది. చేతిపనిలో అంత ధీమా ఉన్న మనిషి, మిగతా అన్నిటికీ భయపడేది.

ముఖ్యంగా కరెంటు బిల్లుకి. అదేమీ ఊరికే పట్టుకున్న భయం కాదు. ఆమెకి పదేళ్ళప్పుడు బిల్లు కట్టలేదని పుట్టింటికి కరెంటు తీసేశారు. లైన్‌మన్ పట్టపగలు నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. దిగి, చేతులు దులుపుకుని, వాళ్ళ నాన్నతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పదకొండు రోజులు ఇల్లు చీకటిగా ఉంది. అప్పట్నుంచి బిల్లు వచ్చిన మర్నాడే కట్టేయకపోతే ఆమెకి అన్నం సయించేది కాదు.

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. పిల్లల్లేరు. ఆయన లారీ డ్రైవరు. వాళ్ళుండేది మేడ మీద రెండు గదుల్లో. కింద వెనకవైపు ఇంటావిడ, కింద ముందువైపు వీధిలోకి తెరుచుకునే గది. చాలాకాలం తాళం వేసి ఉన్న ఆ గదిని ఎండలు మొదలవుతుండగా ఇంటావిడ ఒక ఐసు వ్యాపారికి అద్దెకిచ్చింది. పెళ్ళిళ్ళకీ, జ్యూసు బళ్ళకీ ఐసు అమ్మేవాడు. మనిషంత పొడుగున్న ఫ్రీజరు తెచ్చి గోడవారగా పెట్టాడు. సరిగ్గా ఆ వారమే టేపమ్మ వాళ్ళాయన లోడు మీద టార్పాలిన్ కడుతూ తాడు తెగి కిందపడ్డాడు. కాలి ఎముక రెండుచోట్ల విరిగింది. తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేసి, నలుగురు మోసుకుని మెట్లెక్కించి, మంచం మీద పడేసి పోయారు. మూడు నెలలు కదలకూడదన్నారు.

పైన స్లాబు, కింద మనిషి. మధ్యాహ్నం పన్నెండు దాటితే గోడ ముట్టుకుంటే చేయి కాలేది. కట్టు లోపల చెమట పట్టి దురద పుట్టేది. గోక్కోవడానికి లేదు. ఆయనకి ఉన్న సుఖమల్లా నెత్తిమీద తిరిగే ఆ పాత ఫ్యాను. పొద్దున్నుంచి మళ్ళీ పొద్దుటిదాకా తిరుగుతూనే ఉండేది.

మొదటి నెల బిల్లు రెండింతలు వచ్చింది. ఆమె దాన్ని నాలుగుసార్లు మడిచి మిషను సొరుగులో పెట్టేసింది. ఆయనకి చెప్పలేదు. రెండో నెల మూడింతలు దాటింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూలబడింది. ఏ నెలా ఎనభై యూనిట్లు దాటని ఇల్లు, రెండువందల ఎనభై చూపిస్తోంది. పైగా యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుందట. ఇంట్లో కొత్తగా చేరిందేముంది? ఏమీ లేదు. మారిందల్లా ఒకటే. ఇదివరకు రాత్రిపూట మాత్రమే తిరిగే ఫ్యాను ఇప్పుడు పగలు కూడా తిరుగుతోంది.

"ఇదే, మింగేస్తోంది" అనుకుంది ఫ్యాను వైపు చూస్తూ.

ఆ రోజునుంచి ఆమె తీరు మారిపోయింది. మిషను మోటారుకి బెల్టు తీసేసి మళ్ళీ కాలితో తొక్కడం మొదలుపెట్టింది. మధ్యగదిలో బల్బు పీకేసింది. రెగ్యులేటరుని నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి దించింది. ఆయనకి కాస్త కునుకు పట్టగానే అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి స్విచ్చి తీసేది. గాలి ఆగగానే ఆయన కళ్ళు తెరిచేవాడు.

"ఏమే, ఫ్యాను తిరుగుతుంటే నీకు కళ్ళు తిరుగుతున్నాయా?"

"మీరు పడుకున్నారు కదా అని..."

"పడుకుంటే చెమట పట్టదా? పోనీ, నన్ను కూడా స్విచ్చి తీసి ఓ మూల పెట్టెయ్."

నవ్వుతూనే అనేవాడు. ఆమె నవ్వలేకపోయేది. గబగబా స్విచ్చి వేసి వంటింట్లోకి పోయేది. అక్కడ నిలబడి వేళ్ళమీద లెక్కపెట్టుకునేది: పొద్దున ఎన్ని గంటలు, మధ్యాహ్నం ఎన్ని గంటలు. ఒక గంట ఫ్యాను తిరిగితే ఎంతవుతుందో ఆమెకి తెలియదు. తెలియకపోవడంవల్లే ఆ గంట ఆమె మనసులో పెరిగి పెరిగి గదంత అయ్యేది. కుడుతూ ఉంటే పైన రెక్కల చప్పుడు చెవిలో పడేది. దారం తెగేది.

ఆమె ఏమీ చెప్పకపోయినా, మంచంలో ఉన్న మనిషికి చూడ్డం తప్ప వేరే పనేముంది? ఒకరోజు ఆమె నీళ్ళకి కిందికెళ్ళినప్పుడు, ఊతకర్రతో మంచం పక్కనున్న మిషను సొరుగు లాగి ఆ రెండు బిల్లులూ చూశాడు. చూసి, మళ్ళీ అలాగే మడిచి పెట్టేశాడు.

ఆ వారంలోనే ఆమె స్కూలుకి యూనిఫారాలు ఇచ్చి రావాల్సి వచ్చింది. ఎండ తెల్లగా మండుతోంది. ఆయన మంచం పక్కన కూజా పెట్టి, ఫ్యాను మూడు మీద పెట్టి, "గంటలో వచ్చేస్తాను" అని మూటలు రెండూ భుజానేసుకుని వెళ్ళింది. స్కూలు గుమాస్తా ఒక్కో చొక్కా తీసి కుట్లు చూసి, గుండీలు లాగి, రెండుసార్లు లెక్కపెట్టి, ఆ తర్వాత భోజనానికి వెళ్ళిపోయాడు. ఆమె తిరిగొచ్చేసరికి మూడున్నర గంటలు పట్టింది.

మెట్లెక్కుతుండగానే తేడా తెలిసింది. పైనుంచి ఏ చప్పుడూ లేదు. కరెంటు పోయిందేమో అనుకుంది. కానీ కింద ఫ్రీజరు గుర్రుమంటూనే ఉంది.

తలుపు తోసింది. ఫ్యాను ఆగి ఉంది. స్విచ్చి తీసేసి ఉంది. ఆయన ఊతకర్ర చేతికందని దూరాన నేలమీద పడి ఉంది. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. చెయ్యి పట్టుకుంటే చెమట లేదు, పెనంలా కాలుతోంది. కళ్ళు సగం తెరిచి, ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"తాడు బిగించరా... ఆ మూల వదులుగా ఉంది... గాలికి లేచిపోతుంది..."

"ఏమండీ! ఏమండీ, నేనండీ!"

ఆయన ఆమెవైపు చూశాడుగాని గుర్తుపట్టలేదు.

ఆమె ముందు స్విచ్చి వేసింది. తర్వాత ఏం చేయాలో తోచక కిటికీలోంచి గట్టిగా అరిచింది. ఆ అరుపుకి మొదట తల పైకెత్తింది కింద ఐసాయన. ఆమె మొహం చూసి ఏమిటని కూడా అడగలేదు. గోనెపట్టాలో ఐసు వేసుకుని రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు. తువ్వాళ్ళు తడిపి, ఐసు చుట్టి, ఆయన మెడకిందా చంకల్లోనూ తనే పెట్టాడు. "చెల్లెమ్మా, నువ్వు వంటిమీద నీళ్ళు చిలకరిస్తూ ఉండు, నేను డాక్టరుని పిలుచుకొస్తా" అని బండెక్కి పోయాడు.

డాక్టరు వచ్చి సెలైను పెట్టాడు. ఇంకో గంట ఆగి ఉంటే చెప్పడం కష్టమయ్యేదన్నాడు. సాయంత్రానికి ఆయనకి స్పృహ వచ్చింది. పెదాలు తడుపుకుని, "ఏమే, టేపు కనబడటం లేదేమిటి మెడలో?" అన్నాడు. పరుగుల్లో ఎక్కడో పడిపోయింది. ఆమె ఆయన గుండెమీద తల పెట్టి ఏడ్చింది.

"ఎందుకండీ ఆపారు? నేను వేసే వెళ్ళాను కదా!"

"గంటేగా అన్నావు. ఆ గంటైనా మిగులుతుందని..."

"నేనేమన్నా అన్నానా మిమ్మల్ని?"

"నువ్వనలేదు. ఫ్యాను వంక నువ్వు చూసే చూపు ఉందే, అది నా వంక చూసినట్టే ఉండేది."

ఆ మాట ఆమె లోపలికంటా దిగింది. మర్నాడు పొద్దున్నే ఫ్యానుని నాలుగు మీద పెట్టి, ఊతకర్ర తీసుకెళ్ళి అవతలి గదిలో దాచి, వీధి చివర మోటార్ల వైండింగ్ కొట్టుకి వెళ్ళింది. ఆ కొట్టు ముసలాయన్ని అందరూ వైండింగ్ తాత అంటారు. రాగి తీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్ళు కూడా ఆ రంగుకే వచ్చేశాయి. రెండు బిల్లులూ ఆయన ముందు పెట్టి అడిగింది.

"తాతగారూ, ఫ్యాను గంటకి ఎంత తింటుంది?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మీది పాత సీలింగ్ ఫ్యాను కదూ? డెబ్బై అయిదు వాట్లు ఉంటుంది. పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్."

"పదమూడు గంటలకి... ఒకటా?"

"ఒకటే. నీ ఇస్త్రీ పెట్టె గంటలో తినేది ఇది పదమూడు గంటలు కూచుని తింటుంది. పగలూ రాత్రీ ఆపకుండా తిప్పు, రోజుకి రెండు యూనిట్లు కాదు. నెలకి యాభై చిల్లర."

"ఈమధ్య రెండు మీద పెట్టి తిప్పాను, తాతగారూ. అప్పుడు ఇంకా తగ్గాలిగా మరి?"

"రెగ్యులేటరు ఎలాంటిది? గోడకి పెద్ద డబ్బాలా ఉంటుంది, అదేనా? అయితే నువ్వు పొదుపు చేసిందేమీ లేదమ్మా. గాలి తగ్గుతుంది, ఆ మిగిలిందాంట్లో చాలావరకు డబ్బాలోనే వేడై పోతుంది. పాపం, ఆయనకి ఊరికే ఉక్క."

తాత బిల్లులు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, నుదురు చిట్లించాడు.

"రెండువందల యూనిట్లు పెరిగింది. ఇదంతా ఫ్యానే తినాలంటే మీ ఇంట్లో ఇలాంటివి నాలుగు తిరగాలి. ఫ్యాను కాదమ్మా ఇది. ఇంకేదో ఉంది. మీటరు మీద ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంది చూశావా? మీ రకం మీటర్లో అది మూడువేల రెండువందలసార్లు మినుకుమంటే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క ఫ్యాను వదులు. నిమిషానికి నాలుగుసార్లు మినుకుమనాలి. అదీ ఆపేస్తే అసలు మినుకుమనకూడదు. చూసి వచ్చి చెప్పు."

ఇంటికొచ్చి ప్లగ్గులన్నీ పీకింది. ఒక్క ఫ్యాను వదిలి, మెట్ల కింద మీటర్ల దగ్గర నిలబడింది. గోడ గడియారం చేతిలో పట్టుకుంది. మినుకు. మినుకు. మినుకు. నిమిషం తిరిగేసరికి ఇరవై రెండు. పైకి పరుగెత్తి, "ఒక్క నిమిషం ఓర్చుకోండి" అని ఫ్యాను ఆపి మళ్ళీ దిగింది. ఇంట్లో ఏమీ నడవడం లేదు. దీపం పద్దెనిమిదిసార్లు మినుకుమంది.

ఫ్యాను నాలుగే. తాత చెప్పినట్టే, అచ్చంగా నాలుగే.

అలా చూస్తూ ఉండగానే దీపం ఆగిపోయింది. అదే క్షణంలో గోడకవతల గుర్రుమంటున్న ఫ్రీజరు కూడా ఆగింది. రెండు మూడు నిమిషాలు ఆమె కదలకుండా నిలబడింది. ఫ్రీజరు మళ్ళీ గుర్రుమంది. దీపం మళ్ళీ మొదలైంది.

ఆమె పరుగున పైకి వెళ్ళి ముందు ఫ్యాను వేసింది. సంతోషించాల్సిన చోట, ఇదివరకు లేని భయమొకటి వచ్చి కూచుంది. ఎవరితో చెప్పాలి? ఇంటావిడతో చెబితే, "నన్ను దొంగనంటావా, ఖాళీ చెయ్" అంటే? కాలికి కట్టుతో ఉన్న మనిషిని ఏ ఇంటికి మోసుకుపోతుంది? పైగా ఐసాయన. నిన్నగాక మొన్న ఆ ఐసు తెచ్చి మొగుణ్ణి బతికించిన మనిషి. ఆ ఐసు తన కరెంటుతోనే గడ్డకట్టిందని అతని మొహం మీద ఎలా చెబుతుంది?

మూడు రోజులు నోరు మెదపలేదు. కుడుతున్న చొక్కాకి రెండు చేతులూ ఎడమవే వేసింది. అది చూసి ఆయనే అడిగాడు. చెప్పింది.

"నేను దిగలేను. లేకపోతే నేనే వెళ్ళేవాణ్ణి. నువ్వెళ్ళు. పోట్లాడకు. మెయిన్ స్విచ్చి ఆపి చూపించు, చాలు. అప్పుడు నువ్వు మాట్లాడాల్సిన పనే ఉండదు."

నాలుగో రోజు పొద్దున ఇంటావిడని పిలిచింది. ఇంటావిడ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

"అక్కయ్యగారూ, మా మీటరు ఒకసారి చూడాలి మీరు."

"చూసేదేముంది? మీ ఆయన పగలంతా ఫ్యాను కింద పడుకుంటే బిల్లు రాక ఏమవుతుంది? ఎండాకాలం అందరికీ అంతే."

టేపమ్మ చెయ్యెత్తి తమ మెయిన్ స్విచ్చి కిందికి లాగింది.

పైన ఫ్యాను ఆగింది. కింద ఫ్రీజరు ఆగింది. ముందుగదిలో లైటు పోయింది. ఐసాయన బయటికొచ్చాడు. "కరెంటు పోయిందా, అక్కయ్యగారూ?"

టేపమ్మ స్విచ్చి పైకి తోసింది. లోపల లైటు వెలిగింది. ఫ్రీజరు టక్కుమంది. మళ్ళీ దించింది. మళ్ళీ చీకటి. ఐసాయన స్విచ్చి వంకా, ఆమె వంకా చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇది మేడమీద వాళ్ళ లైనా?" అని ఇంటావిడవైపు తిరిగాడు. "నెలనెలా కరెంటుకని అద్దె కాకుండా విడిగా ఇస్తున్నాను కదండీ మీకు! మరి నా బిల్లు ఈవిడ కడుతోందా?"

ఇంటావిడ మొహంలో రంగులు మారాయి. "నాకేం తెలుసు? ఎలక్ట్రీషియన్ ఎక్కడో కలిపాడు. పైకి వెళ్ళే లైను ఆ గది గోడలోంచే పోతుంది... వాడే ఏదో..." అంది. రెండు నెలల్లో తన మీటరు మీద ఒక్క యూనిట్ కూడా పెరగలేదేమని ఆమెకి ఎప్పుడూ అనుమానం రాలేదో, వచ్చినా అడగలేదో, అది ఆమెకే తెలియాలి. టేపమ్మ అడగలేదు. అక్కడ నిలబడ్డమే గగనంగా ఉంది ఆమెకి. గోడ పట్టుకుని నిలబడింది.

ఐసాయన ఆ సాయంత్రమే తన ఖర్చుతో ఎలక్ట్రీషియన్ని తెచ్చి లైను విడగొట్టించాడు. "చెల్లెమ్మా, నాకు తెలిస్తే ఒక్కరోజు కూడా వాడేవాణ్ణి కాదు" అన్నాడు. "నాకు తెలుసన్నా" అంది ఆమె. ఇంటావిడ రెండో నెల ఎక్కువొచ్చిన డబ్బు అద్దెలో తగ్గించింది. మొదటి నెలది మాత్రం, "అప్పుడు ఎంత వాడారో ఎవరికి తెలుసు" అని దాటేసింది. ఆ తర్వాత మెట్ల దగ్గర ఎదురుపడితే తల తిప్పుకునేది.

లైను విడగొట్టాక పూర్తి నెలకి వచ్చిన మొదటి బిల్లు నూట పది యూనిట్లు. ఫ్యాను ఆ నెలంతా ఒక్క క్షణం ఆగలేదు.

ఆమె భయపడ్డదీ జరిగింది. ఆయన కట్టు విప్పి, కర్ర పట్టుకుని మెట్లు దిగడం మొదలెట్టిన నెలకే ఇంటావిడ కబురు చేసింది: తమ్ముడు వస్తున్నాడు, ఇల్లు కావాలి, రెండు నెలల్లో చూసుకోండి. తమ్ముడెవరూ రాలేదని ఐసాయన తర్వాత చెప్పాడు. ఆ కబురు విన్న రాత్రి ఆమెకి నిద్రపట్టలేదు. కానీ తెల్లారేసరికి ఒక సంగతి ఆమెకే వింతగా తోచింది. ఇన్నాళ్ళూ దేనికైతే గుండెలు అరచేత పట్టుకుని బతికిందో, అది వచ్చి ముందు నిలబడింది. నిలబడితే, అది రెండు గదులు వెతుక్కోవడం, అంతే.

కొత్త ఇల్లు కింది అంతస్తులో దొరికింది. సామాను ఐసాయన బండిలోనే మూడు విడతలుగా వెళ్ళింది. కుట్టుమిషను మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఆమె తనే పట్టుకు కూచుంది. ఆయన ఇక లారీ ఎక్కలేకపోయాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లోడింగు రాసే పనిచ్చారు. కుర్చీలో కూచుని డ్రైవర్లని తిట్టే ఉద్యోగం కదా, బాగానే కుదిరింది అనేవాడు.

భయం ఆమెని వదిలి పోయిందని చెప్పలేం. బిల్లు వచ్చిన రోజు ఇప్పుడు కాగితం తను విప్పదు. ఆయనకిచ్చి, వెనక నిలబడి, "ఎన్ని యూనిట్లు?" అని అడుగుతుంది. ఆయన చెప్తాడు. "సరిగ్గా చూశారా?" అంటుంది. ఆయన మళ్ళీ చదువుతాడు. అప్పుడు వెళ్ళి మిషను ముందు కూచుంటుంది. పొరుగింటి గర్భిణి ఒకామె, బిల్లు ఎక్కువొస్తుందని అత్తగారు పగలు ఫ్యాను వేసుకోనివ్వడం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మాత్రం, టేపమ్మ చేతిలో కుట్టు అలాగే వదిలేసి లేచింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, అత్తగారి ముందే స్విచ్చి వేసింది.

"పదమూడు గంటలకి ఒక్క యూనిట్, పిన్నిగారూ" అంది. "కావాలంటే రండి, మీటరు దగ్గర మీ కళ్ళతో చూపిస్తాను."